మిద్దె మీది జీనియాల దర్యాప్తు

అశోక్ నగర్,
30 జూన్ 2012, శనివారం.

చిరంజీవి నవనీతకు కింది పోర్షన్ నుంచి ప్రహ్లాద్ ఆశీర్వదించి రాయునది.

విషయం: మిద్దె మీద కొత్తగా వెలసిన ఆరు పెయింటు బకెట్లు.

ఒకే ఇంట్లో ఉంటూ పిలిచి చెప్పకుండా ఉత్తరమెందుకని అనుకోవద్దు. నీ కిరాయి కాగితంలో ఏడో షరతు చూడు. ఈ ఇంట్లో ఏ విన్నపమైనా రాతపూర్వకంగానే జరగాలి, ఉత్తరాలు మెట్ల కింద మేకుకు తగిలించిన డబ్బాలో వెయ్యాలి. ముప్పై ఒక్క ఏళ్లు సర్కారీ దఫ్తరులో పనిచేసి సూపరింటెండెంటుగా దిగిపోయిన మనిషిని. చెవితో విన్నదాన్ని నమ్మే అలవాటు నాకు ఎప్పుడో పోయింది.

నిన్న నీళ్ల ట్యాంకు చూద్దామని పైకి వస్తే, నీ గది ముందు బకెట్ల నిండా మట్టి, మట్టిలో రెండేసి ఆకుల మొలకలు కనిపించాయి. గ్రూప్-2కు చదువుకునే పిల్లవని గది ఇచ్చాను, వ్యవసాయానికి ఇవ్వలేదు. ఈ స్లాబు మా నాన్నగారు 1973లో పోయించారు. దాని మీద తడి నిలిస్తే కింద నా గది పైకప్పు చెమ్మెక్కుతుంది. ఒకసారి ఎక్కింది కూడా. దానివల్ల ఈ ఇంట్లో జరిగిన నష్టం నీకు తెలియదు. కావున ఆ జీనియా మొక్కలను పదిహేను రోజుల్లో తొలగించవలసిందిగా తెలియజేయడమైనది.

ఇట్లు,
ప్రహ్లాద్, విశ్రాంత సూపరింటెండెంటు.

తా.క. బకెట్లకు అడుగున చిల్లులు పెట్టినట్టు లేవు. తొలగించేలోపు పెట్టు, లేకపోతే వేళ్లు కుళ్లిపోతాయి.

—

పై గది,
1 జూలై 2012.

గౌరవనీయులైన ప్రహ్లాద్ అంకుల్ గారికి నవనీత నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఆ మొక్కల పేరు జీనియా అని మీరు రాస్తేనే నాకు తెలిసింది. నేను గదిలోకి వచ్చిన రోజు గోడ అలమర పై అరలో ఒక పాత రేకు డబ్బా ఉంది. మూత తీస్తే బల్లెం మొనల్లా సన్నగా, ఎండిపోయిన పొట్టు లాంటివి ఉన్నాయి. ముందున్న వాళ్లెవరో చెత్త వదిలేసి పోయారనుకుని రెండు నెలలు వాటి ముఖం చూడలేదు.

పోయిన నెల రిజల్టు వచ్చింది. నా నంబరు లేదు. ఇది రెండోసారి. ఆ రోజు పుస్తకం ముట్టబుద్ధి కాలేదు. పక్కన కట్టే అపార్ట్‌మెంటు వాళ్లు పారేసిన బకెట్లు తెచ్చుకుని, మట్టి నింపి, డబ్బాలోది చల్లేశాను. నాలుగో రోజు పొద్దున చూస్తే మొలకలు. అంకుల్, రెండేళ్లుగా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని నేను చదివింది ఒక్కటీ మొలవలేదు. ఇవి నాలుగు రోజుల్లో మొలిచాయి. నాకు ఏడుపొచ్చింది.

జనగామ దగ్గర మా ఊళ్లో మేము పత్తి వేస్తాం, మక్క వేస్తాం. ఉత్త పువ్వు కోసం విత్తనం వెయ్యడం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక్కసారి పూత చూడనివ్వండి. ఆగస్టు ఆఖరున మా అమ్మ కిష్టమ్మ నన్ను చూడటానికి వస్తోంది. ఫెయిలైన సంగతి చెప్పేటప్పుడు పక్కన చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ తర్వాత నేనే తీసేస్తాను.

మీ విధేయురాలు,
నవనీత.

తా.క. మేకు కాల్చి చిల్లులు పెట్టాను. నిన్న మీ పైకప్పు మీద వినిపించిన చప్పుడు అదే. ఆ రేకు డబ్బా మీదైతే చెప్పండి, కడిగి ఇచ్చేస్తాను.

—

అశోక్ నగర్,
13 జూలై 2012.

చిరంజీవి నవనీతకు ప్రహ్లాద్ ఆశీస్సులు.

విషయం: గడువు పొడిగింపు.

నీ విన్నపాన్ని కూలంకషంగా పరిశీలించాను. మొక్కలు ఏ రంగు పూస్తాయో దస్త్రంలో నమోదు చెయ్యకుండా తొలగించడం పద్ధతి కాదు. కావున పూత వచ్చేవరకు గడువు ఇవ్వడమైనది.

నీ ఉత్తరం చదివాక పాత సంగతులు మనసులోకి వచ్చి కూర్చున్నాయి. ఒకప్పుడు ఈ మిద్దె మీద నిలబడితే ట్యాంక్‌బండ్ గాలి నేరుగా మొహానికి తగిలేది. చుట్టూ పెంకుటిళ్లు, ఇంటికో జామచెట్టు. హాస్టలు బోర్డు అనేది ఒక్కటి లేదు. శుక్రవారం పొద్దున నేను దఫ్తరుకు బయల్దేరే వేళకు భోజనాల బల్ల మీద, నా టిఫిన్ డబ్బా పక్కన, ఇత్తడి చెంబులో ఐదు పూలు ఉండేవి. మళ్లీ శుక్రవారం దాకా వాడేవి కావు. ఇప్పుడు ఆ చోట నా బీపీ మాత్రలు ఉన్నాయి. ఇదంతా నీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు. దస్త్రంలో చేర్చవద్దు.

మొక్కలు జానెడు పెరిగాక ప్రతిదానికీ తల తుంచెయ్యి. పాపమనిపిస్తుంది గానీ తుంచాలి. అప్పుడే పక్కల నుంచి నాలుగు కొమ్మలు వచ్చి కాడలు పొడుగ్గా సాగుతాయి. ఇది నేను ఎక్కడో చదివాను.

ఇట్లు,
ప్రహ్లాద్.

తా.క. ఆ డబ్బా సంగతి మీ అరుంధతి ఆంటీ దగ్గర ఎత్తవద్దు. అసలు పూల మాటే ఎత్తవద్దు. ఆమెకు పదమూడేళ్లుగా ఆ మాట గిట్టదు. అందులో నా తప్పేమీ లేదు.

—

పై గది,
31 ఆగస్టు 2012, శుక్రవారం.

ప్రహ్లాద్ అంకుల్ గారికి నవనీత నమస్కరించి రాసేది.

మీరు చెప్పినట్టే తలలు తుంచాను. ఆ రోజు అన్నం సహించలేదు. కానీ మీ మాటే నిజమైంది. కొమ్మలు వచ్చాయి, మొగ్గలు వచ్చాయి. నిన్నటికి ఏడు పూలు విచ్చాయి. రాణి రంగువి నాలుగు, ఎర్రవి రెండు, నారింజ ఒకటి. దేవుడికి కూడా పెట్టకుండా అమ్మ కోసం అట్లే ఉంచాను.

ఈ రోజు పొద్దున ఆరింటికి క్లాసుకు పోయి, అటు నుంచి అటే ఉప్పల్ వెళ్లి, బస్సు దిగిన అమ్మను వెంటబెట్టుకుని వచ్చాను. దారి పొడుగునా పూల సంగతే చెప్పాను. తలుపు కూడా తియ్యకుండా ముందు బకెట్ల దగ్గరికి తీసుకుపోతే ఐదు పూలు లేవు. మిగిలిన రెండూ మెడ గట్టిపడని పసివి.

అమ్మ కాసేపు నిలబడి చూసి, "పూలు చూపిస్త పూలు చూపిస్త అని తోలుకొస్తివి. ఈ కాడలేంది బిడ్డా?" అంది. పూలూ లేవు, పాసూ లేదు. రెండూ ఒకేసారి చెప్పాల్సి వచ్చింది.

అంకుల్, ఇది పిల్లలు తెంపిన తెంపు కాదు. ప్రతి కాడా జత ఆకులకు సరిగ్గా పైన, ఏటవాలుగా, కత్తెరతో కోసి ఉంది. నాకు గోడ పక్క హాస్టలు వాళ్ల మీద అనుమానంగా ఉంది. ఇంటి యజమానిగా మీరే కనిపెట్టాలి.

ఇట్లు, బాధలో ఉన్న
నవనీత.

తా.క. అమ్మ పోయేటప్పుడు ఆ కాడలను మళ్లీ చూసి, "ఎవలు కోసిన్రో గని, మంచిగ కోసిన్రు" అంది. దొంగను మెచ్చుకోవడంతో నాకు ఇంకా కోపం వచ్చింది.

—

అశోక్ నగర్,
5 సెప్టెంబరు 2012.

చిరంజీవి నవనీతకు ప్రహ్లాద్ ఆశీస్సులు.

విషయం: ఐదు పూల అపహరణపై దర్యాప్తు నివేదిక.

ఫిర్యాదు అందిన వెంటనే దర్యాప్తు అధికారిగా నన్ను నేనే నియమించుకున్నాను. ఇంట్లో మరో అర్హుడు లేడు. స్థలాన్ని రెండుసార్లు సందర్శించాను. హాస్టలు వాళ్లను అనుమానించడం అన్యాయం. ఆ పిల్లలు తొమ్మిదింటి దాకా నిద్ర లేవరు. నువ్వు క్లాసుకు పోగానే కింద గేటుకు మళ్లీ తాళం వేశాను, తాళం చెవి నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ఈ ఆధారాలన్నీ జాగ్రత్తగా కలిపి చూసిన మీదట, ఇది ఇందిరా పార్కు వైపు నుంచి వచ్చిన కోతి పని అని తేల్చడమైనది.

మీ అమ్మగారికి చూపించాలనుకున్న పూలు అవే అని ఆ కోతికి తెలిసి ఉండదు. తెలిస్తే ఆ పని చేసేది కాదు. ఈ మాట మాత్రం నేను గట్టిగా చెప్పగలను. మీ అమ్మగారు ఎప్పుడు మళ్లీ వస్తారో ముందుగా రాసి డబ్బాలో వెయ్యి.

ఇట్లు,
ప్రహ్లాద్, దర్యాప్తు అధికారి.

తా.క. కోతికి కత్తెర ఎక్కడిదని అడుగుతావు. నేర్చిన కోతి కావచ్చు.

మరో తా.క. కోసిన చోటికి కింద రెండేసి కొత్త కొమ్మలు వస్తాయి, వారంలో చూడు. జీనియాను ఎంత కోస్తే అంత పూస్తుంది. ఒక రకంగా కోతి మేలే చేసింది.

—

పై గది,
15 సెప్టెంబరు 2012.

ఇంటి యజమాని మరియు పౌర సమాచార అధికారి గారికి,

విషయం: సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు.

అయ్యా,

ఆగస్టు 31, సెప్టెంబరు 7, సెప్టెంబరు 14. మూడు శుక్రవారాలు, ప్రతిసారీ ఐదు పూలు. నిన్న క్లాసుకు పోతూ బకెట్ల పక్కన రెండు అరటిపళ్లు పెట్టి పోయాను. వచ్చేసరికి పూలు లేవు, అరటిపళ్లు ఉన్నాయి. అరటిపండు వదిలేసి పువ్వు కోసుకుపోయే కోతి గురించి నేను చదివిన ఏ జీవశాస్త్రంలోనూ లేదు.

ఈ చట్టం సర్కారు దఫ్తర్లకే గానీ మీ ఇంటికి వర్తించదని నాకు తెలుసు. కానీ మీరు ఈ ఇంటిని దఫ్తరులాగే నడుపుతున్నారు. కాబట్టి దిగువ సమాచారం ఇప్పించగలరు. రెండాకులు ఉన్నప్పుడే ఆ మొక్క జీనియా అని మీకు ఎట్లా తెలిసింది? తల తుంచాలని ఏ పుస్తకంలో, ఏ పేజీలో చదివారు? కోతికి శుక్రవారం అని ఎవరు చెబుతున్నారు? చివరగా, శుక్రవారం పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య ఇంటి యజమాని ఎక్కడ ఉంటున్నారు?

చట్టప్రకారం ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

ఇట్లు,
నవనీత, దరఖాస్తుదారు.

తా.క. పది రూపాయల స్టాంపు అంటించాను. ఇది రాయడానికి చట్టమంతా మళ్లీ తిరగేశాను, సెక్షన్లు కంఠతా వచ్చేశాయి. పరీక్షలో వస్తే ఆ మార్కులు మీ పుణ్యమే.

—

అశోక్ నగర్,
22 సెప్టెంబరు 2012.

దరఖాస్తుదారు నవనీతకు పౌర సమాచార అధికారి ప్రహ్లాద్ తెలియజేయునది.

ముందు ఒక సొంత మాట. నేను రిటైరైన మరుసటి ఏడే ఈ చట్టం వచ్చింది. తోటివాళ్లంతా దరఖాస్తులకు జవాబులు రాయలేక పరేషాన్ అవుతున్నామని చెబుతుంటే, లోపల కుళ్లుకునేవాణ్ణి. నా పేరు మీద ఒక్క కాగితమూ రాలేదు. ఎనిమిదేళ్లుగా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. కరెంటు బిల్లు కట్టారా అని తప్ప. నీ దరఖాస్తు మీద వెయ్యడానికి దఫ్తరు నాటి తేదీ ముద్ర వెతికి తీశాను. ముద్రలో సిరా ఎండిపోతే బీట్‌రూట్ రసం అద్ది వేశాను.

ఇక జవాబులు. మొదటి ప్రశ్నకు సంబంధించిన దస్త్రం దొరకలేదు. రెండోదాన్ని చెదలు తిన్నాయి. మూడో ప్రశ్న కోతికి పంపడమైనది. నాలుగోదానికి సెక్షన్ 8(1)(జి) కింద జవాబు నిరాకరించడమైనది. ఆ సమాచారం బయటపడితే ఒక వ్యక్తి శారీరక భద్రతకు ముప్పు ఉంది.

వివాదం ముదిరి కింది పోర్షన్ వంటింటి దాకా వినిపించేలా ఉంది. కావున మొక్కలను ఈ నెలాఖరులోగా తప్పనిసరిగా తొలగించాలి. నాకు సంతోషంగా ఉండి రాస్తున్నానని అనుకోవద్దు.

ఇట్లు,
ప్రహ్లాద్.

తా.క. ఆ వ్యక్తి ఎవరని అడగవద్దు. అతనికి అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు.

మరో తా.క. అప్పీలు ఎవరికి చేసుకోవాలో చెప్పడం చట్టప్రకారం నా విధి. ఈ ఇంట్లో నాకు పై అధికారి ఎవరో నీకు తెలుసు. చేసుకోవద్దని మనవి.

—

పై గది,
23 సెప్టెంబరు 2012.

అప్పిలేట్ అధికారి, గౌరవనీయులైన అరుంధతి ఆంటీ గారికి నవనీత నమస్కారాలు.

సెక్షన్ 19(1) కింద ఈ మొదటి అప్పీలు చేసుకుంటున్నాను. ఇప్పటిదాకా నడిచిన ఉత్తరాలన్నీ జత చేశాను. పూల మాట మీకు గిట్టదని అంకుల్ చెప్పారు. గుర్తు చేసి బాధపెడితే క్షమించండి. గది అలమరలో దొరికిన రేకు డబ్బాలోని విత్తనం చల్లాను, అంతే నా తప్పు. దొంగ ఎవరో నాకు అర్థమైంది, దొంగ మీద కోపం కూడా పోయింది. కానీ నెలాఖరుకు మొక్కలు తీసెయ్యమంటున్నారు. ఆంటీ, ఇప్పుడు మొత్తం ముప్పై మొగ్గలున్నాయి. నా చేత్తో వేసి నేను గెలిచింది ఇదొక్కటే. దీన్ని నా చేత్తోనే పీకమనకండి.

మీ
నవనీత.

తా.క. మెట్ల కింద డబ్బాలో వేస్తే మొదట అంకులే తీస్తారు. అందుకే మీ వంటింటి కిటికీలో, చింతపండు సీసా కింద పెడుతున్నాను.

—

అశోక్ నగర్,
28 సెప్టెంబరు 2012, శుక్రవారం.

చిరంజీవి సౌభాగ్యవతి కాబోయే నవనీతకు అరుంధతి దీవించి రాస్తున్నది.

నీ అప్పీలు, జత చేసిన ఉత్తరాలు అన్నీ చదివాను. నవ్వీ నవ్వీ అన్నం మాడింది. తర్వాత ఇంకోసారి చదివి ఏడ్చాను, అప్పుడు పప్పు కూడా మాడింది.

నేను 1975లో ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మా అమ్మ చీరల మధ్య ఒక రేకు డబ్బా పెట్టి పంపింది. అదే నువ్వు చూసిన డబ్బా. మిద్దె మీద ముప్పై కుండీలుండేవి. మీ అంకుల్‌కు అప్పట్లో మందారానికి, మక్కకు తేడా తెలియదు. మెడ కింద కాడ పట్టుకుని ఊపి చూడాలి, వంగకపోతేనే కొయ్యాలి, జత ఆకులకు పైన ఏటవాలుగా కొయ్యాలి అని పక్కన నిలబెట్టి చెప్పాను. నువ్వు పట్టుకోలేకపోయిన కోతికి ఆ పని నేర్పింది నేనే.

1999 వానల్లో ఆయన గది పైకప్పు కారింది. నేను ముషీరాబాద్‌లో మా చెల్లెలు కుసుమ దగ్గరికి పోయి వచ్చేలోగా, కుండీల వల్లే కారిందని ముప్పై కుండీలూ పాత సామాన్ల కబాడీకి ఇచ్చేశారు. ఈ మిద్దె మీద ఇక నా చేత్తో ఒక్క విత్తనం వెయ్యనని ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను. నెల తర్వాత మేస్త్రీ చెన్నయ్య వచ్చి నాకు సంగతి చెప్పాడు. "కుండీలది ఏం తప్పు లేదమ్మా, పైపు పగిలింది. సారుకు చెప్పిన. మీకు చెప్పొద్దన్నడు" అన్నాడు. ఆ ఒక్క మాట ఆయన తన నోటితో అంటారని పదమూడేళ్లు చూశాను. ఈయనకు ఏదైనా రాయడం వచ్చు గానీ చెప్పడం రాదు.

ఆగస్టు ఆఖరి శుక్రవారం ఇత్తడి చెంబులో ఐదు జీనియాలు తెచ్చి బల్ల మీద పెట్టి, "నారాయణగూడల మంచిగ దొరికినయి, తెచ్చిన" అన్నారు. ఇంట్లో వేసుకునే చెప్పులతో, గోళ్లలో మట్టితో నారాయణగూడ పోయి వచ్చే మనిషిని అప్పుడే చూశాను. "మంచిగున్నయి" అని మాత్రం అని, వంటింట్లోకి పోయి నల్లా తిప్పి ఏడ్చాను. ఆ బీపీ మాత్రలు పక్కకు జరిపి పూలు పెట్టారు, నాకు అది చాలు అనిపించింది. చాలదని తర్వాత అనిపించింది.

ఈ రోజు పొద్దున నువ్వు క్లాసుకు పోయాక, ఆయన కంటే ముందే మిద్దె ఎక్కి ట్యాంకు పక్కన కూర్చున్నాను. ఆయన కత్తెర పట్టుకుని మోకాళ్లు నిమురుకుంటూ వచ్చి, నన్ను చూసి అట్లే నిలబడిపోయారు. "మీద గాలి మంచిగుంది" అన్నారు. ఆ తర్వాత కత్తెర వంక చూస్తూ, "అప్పుడు పైపు పగిలిందే అరుంధతీ. కుండీలది తప్పు లేకుండె" అన్నారు. నాకు తెలుసని చెప్పాను. ఎప్పటి నుంచని అడిగితే, పదమూడేళ్ల నుంచి అన్నాను. ఆయన బకెట్టు పక్కన కూలబడ్డారు. లేపడానికి ఇద్దరి మోకాళ్లూ సరిపోలేదు, అందుకని నేనూ అక్కడే కూర్చున్నాను.

ఇక తీర్పు. మొక్కలు తీసేది లేదు. పొద్దున పూట నీళ్లు ఆయనే పోస్తారు, నువ్వు చదువుకో. వచ్చే శుక్రవారం మీ అమ్మను మళ్లీ రమ్మను, ఒక్క పువ్వు కూడా ముట్టం. ఆ తర్వాత కోత నాది. విత్తనం వెయ్యనని ఒట్టు పెట్టుకున్నాను గానీ, కొయ్యనని పెట్టుకోలేదు.

ఒకటి మాత్రం నీతో చెప్పాలి. ఆ డబ్బా ఎవరో వదిలేసి పోయింది కాదు. మన జీనియాల విత్తనం కుసుమ ఇంట్లో ఇంకా ఉంది. గది ఖాళీ అయినప్పుడల్లా ఊడ్చే మిషతో పైకి వచ్చి, కొత్త విత్తనం నింపి, ఆ డబ్బాను పై అరలో నేనే పెట్టాను. నా చేత్తో వెయ్యను కదా, ఇంకొకరి చెయ్యైనా పడుతుందేమోనని. నీకు ముందు పదకొండు మంది ఉన్నారు. ఒకతను పారబోసి సేఫ్టీ పిన్నులు వేసుకున్నాడు. ఒకమ్మాయి పురుగులనుకుని నాకే తెచ్చి ఇచ్చింది. ఒకబ్బాయి సిగరెట్ బూడిద రాల్చాడు, అతనికి ఉద్యోగం కూడా వచ్చింది. వేసిన దానివి నువ్వొక్కదానివే.

నీ దరఖాస్తు మీది స్టాంపు మాత్రం తిరిగి ఇవ్వలేను. మీ అంకుల్ దాన్ని ఊడనివ్వరు. మొత్తం కాగితానికి ఫ్రేము కట్టించి, తన రిటైర్మెంటు ఫొటో పక్కన పెట్టుకున్నారు.

ఇట్లు,
మీ ఆంటీ, అరుంధతి.

తా.క. ఈసారి నీకు ఉద్యోగం తప్పకుండా వస్తుంది. గది ఖాళీ చేసే రోజు, ఎండిన పూల నుంచి విత్తనం దులిపి ఆ డబ్బాలో నింపి, అదే అరలో పెట్టిపో. దాని మీద ఏమీ రాయకు.